చార్లెస్టన్‌లో ఎక్కడ తినాలి: పెద్దవాళ్లు, పిల్లలు, శాకాహారులు కలిసి వెళ్తుంటే

మీరు అడిగింది ఇదీ: నార్త్ కరోలినాలోని షార్లెట్ నుంచి కారులో బయల్దేరి అక్టోబరు చివరి శుక్రవారం మధ్యాహ్నానికి సౌత్ కరోలినాలోని చార్లెస్టన్ చేరతారు, ఆదివారం సాయంత్రం వెనక్కి వస్తారు. మొత్తం ఆరుగురు. విజయవాడ నుంచి వచ్చిన మీ అత్తయ్యగారు పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. మావయ్యగారు కోడి, చేప, రొయ్య తింటారు, గొడ్డుమాంసం, పందిమాంసం తినరు. పిల్లలకు ఏ పట్టింపూ లేదు. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా అవే పది పేర్లు తిరుగుతున్నాయి, అందులో మాకు పనికొచ్చేవి ఏవి అన్నారు.

నేను చాలా ఏళ్లుగా ఈ ఊరికి వంతెన అవతల, మౌంట్ ప్లెజెంట్‌లో ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లను, అట్లాంటా, రాలీ నుంచి వచ్చిన స్నేహితుల కుటుంబాలను ఇక్కడ తిప్పడం మా ఇంట్లో మామూలే. ఆ అనుభవంతో చెబుతున్నాను. హోటళ్ల పేర్ల కంటే ముందు ఒక సంగతి తెలుసుకుంటే మిగతాదంతా సులువవుతుంది. చార్లెస్టన్ వంటకు మూలం బియ్యం. అమెరికా అంటే బ్రెడ్డు, బర్గర్ అనుకుని వచ్చే మన పెద్దవాళ్లకు ఈ ఊళ్లో ప్రతి పాత వంటలోనూ అన్నం కనిపిస్తుంది. ఏ హోటల్‌కి వెళ్లాలో తేలనప్పుడు అక్కడి మెనూలో అన్నం ఏ రూపంలో ఉందో చూడండి. నేను అలాగే ఎంచుకుంటాను.

ఈ బియ్యం కథ కొంచెం చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే ఇక్కడ తిన్నదాంట్లో సగం రుచి పోతుంది. చార్లెస్టన్ 1670లో మొదలైన ఊరు. యాష్లీ, కూపర్ అనే రెండు నదుల మధ్య సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన నేల ముక్క మీద ఉంటుంది. చుట్టూ ఉప్పుటేళ్లు, బురద నేలలు, చిత్తడి గడ్డి. ఈ ప్రాంతాన్ని లోకంట్రీ అంటారు. పదిహేడో శతాబ్దం చివరి నుంచి ఇక్కడ వరి పండించారు. పండించింది పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు. వరి సాగు తెలిసిన ప్రాంతాల మనుషులను ఏరి మరీ తెచ్చారు. సముద్రం పోటు వచ్చినప్పుడు నది నీరు పైకి ఎగదన్నుతుంది కదా, ఆ నీటిని మళ్లకు పెట్టడానికి, తీయడానికి వాళ్లు కట్టలు పోసి చెక్క తూములు కట్టారు. ఆ చాకిరీ మీద ఈ ఊరు అమెరికాలోని సంపన్న నగరాల్లో ఒకటైంది. ఉత్తర అమెరికాకు తెచ్చిన ఆఫ్రికా బానిసల్లో సుమారు 40 శాతం మంది ఈ రేవులోనే దిగారని లెక్క చెబుతారు. వాళ్ల వారసులే గల్లా గీచీ ప్రజలు. ఈ తీరం వెంబడి దీవుల్లో వాళ్ల భాష, పాటలు, గడ్డి బుట్టల అల్లిక, వంట ఇప్పటికీ నిలిచి ఉన్నాయి.

ఆ వంటలో ఉన్నవేమిటో చూడండి: అన్నం, బెండకాయ, బొబ్బర్ల జాతి గింజలు, నువ్వులు, వేరుశనగ, రొయ్య, పీత. బొబ్బర్లు, బియ్యం కలిపి వండితే హాపిన్ జాన్. కొత్త సంవత్సరం రోజున దాన్ని ఇంటింటా తింటారు. టమాటాలో ఉడికించిన అన్నం రెడ్ రైస్. పశ్చిమ ఆఫ్రికాలో జొలోఫ్ అనే టమాటా అన్నానికి ఇది చుట్టం. కోడితోనో రొయ్యలతోనో కలిపి ఒకే గిన్నెలో వండితే పెర్లూ. బెండకాయ, టమాటా వేసి కాచిన సూప్‌ను అన్నం మీద పోసుకుంటారు. పందిమాంసం పడలేదని అడిగి పెట్టిస్తే, ఈ పళ్లెం ముందు కూర్చున్న మీ మావయ్యగారికి పరాయి ఊళ్లో ఉన్నట్టు అనిపించదు.

ఇప్పుడు శుక్రవారం. షార్లెట్ నుంచి దూరం 200 మైళ్ల పైచిలుకు, మూడున్నర గంటలు అనుకోండి. ఐ-26 హైవే మీద నేరుగా పాత ఊళ్లోకి వెళ్లిపోకుండా నార్త్ చార్లెస్టన్ దగ్గర దిగి, మీటింగ్ స్ట్రీట్ రోడ్డు మీద ఉన్న బర్తాస్ కిచెన్‌లో మధ్యాహ్న భోజనం చేయండి. నీలం రంగు భవనం, దూరం నుంచే కనిపిస్తుంది. అల్బర్తా గ్రాంట్ అనే ఆవిడ 1979లో మొదలుపెట్టారు, తర్వాత కూతుళ్లు నడుపుతూ వచ్చారు. 2017లో జేమ్స్ బియర్డ్ ఫౌండేషన్ వాళ్లు దీనికి అమెరికాస్ క్లాసిక్స్ పురస్కారం ఇచ్చారు. అమెరికా వంట ప్రపంచంలో జేమ్స్ బియర్డ్ అంటే అంతకు మించిన పేరు లేదు. ఇక్కడ టేబుల్ బుకింగ్ లాంటివి ఉండవు. లైన్లో నిలబడి, కౌంటర్ దగ్గర చూపించి పెట్టించుకోవాలి. ఫ్రైడ్ చికెన్, వేయించిన చేప, రెడ్ రైస్, బెండకాయ సూప్, లైమా బీన్స్. పళ్లెం నిండా పెడతారు. పక్కన కూర్చునేవాళ్లు రేవులో పనిచేసేవాళ్లు, ఆఫీసు వాళ్లు, చర్చికి వెళ్లొచ్చిన బామ్మలు. ఊరివాళ్లు తినే చోట తినాలని మీరు రాశారు కదా, అది ఇదే.

శుక్రవారమే వెళ్లమనడానికి కారణం ఉంది. ఇలాంటి ఇంటి తరహా హోటళ్లు చాలావరకు పనిరోజుల్లో మధ్యాహ్నం నడుస్తాయి, వారాంతంలో మూసేవి ఎక్కువ. టూరిస్టులు శనివారం వచ్చి తలుపు వేసి ఉందని వెనక్కి పోతారు. బయల్దేరే ముందు ఫోన్ చేసి ఆ రోజు తెరిచారా అని అడగండి.

ఈ హోటళ్ల విషయంలో నాకు ఒక బాధ ఉంది. మోరిసన్ డ్రైవ్‌లో చిన్న గులాబీ రంగు భవనంలో మార్తా లూ గాడ్స్‌డెన్ 1983 నుంచి మార్తా లూస్ కిచెన్ నడిపారు. దేశం నలుమూలల నుంచి వచ్చి తిన్నారు, పత్రికలన్నీ రాశాయి. 2020లో ఆ స్థలం అమ్ముడుపోయింది, హోటల్ మూతపడింది. మరుసటి ఏడాది ఆవిడ కన్నుమూశారు. ఈ ఊరి వంటను నిలబెట్టిన నల్లజాతి ఆడవాళ్ల వంటగదులు ఒక్కొక్కటే ఇలా పోతుంటే, అవే వంటలు తెల్లగుడ్డ పరిచిన టేబుళ్ల మీద నాలుగింతల ధరకు వస్తున్నాయి. ఆ టేబుళ్లు వద్దనను, వాటిలో మంచివి చాలా ఉన్నాయి. కానీ మీ దగ్గర ఉన్న ఆరేడు భోజనాల్లో కనీసం రెండు ఇలాంటి చోట్ల పెట్టుకోండి. రెండోదిగా ఈస్ట్‌సైడ్‌లో బ్లేక్ స్ట్రీట్ మీద ఉన్న హానిబాల్స్ కిచెన్ చెబుతాను. అక్కడి క్రాబ్ రైస్ కోసం ఊరివాళ్లే వరస కడతారు. పీత మాంసం, అన్నం కలిపి పెనం మీద బాగా తిప్పి ఇస్తారు, పైన రొయ్యలు కూడా వేయించుకోవచ్చు. ఇంకేం అక్కర్లేదు.

ఇక మీ అసలు టెన్షన్, శాకాహారం. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల వంటలో పందిమాంసం తాలింపు లాంటిది. ముక్కగా కనిపించకపోయినా రుచి కోసం అన్నిట్లో పడుతుంది. కాలర్డ్ గ్రీన్స్ అనే ఆకుకూర చూస్తే మన ఆకుకూరలాగే ఉంటుంది, కానీ దాన్ని పొగబెట్టిన పంది కాలి ఎముకతో గంటల తరబడి ఉడికిస్తారు. లైమా బీన్స్, బొబ్బర్లు అంతే. రెడ్ రైస్‌లో బేకనో సాసేజో, ఏదో ఒక పందిమాంసం ఉంటుంది. బెండకాయ సూప్‌కు ఎముకల రసం పోస్తారు. బిస్కెట్లు అనే మెత్తటి ఉప్పు బన్నుల్లో కొన్నిచోట్ల వెన్నకు బదులు పంది కొవ్వు కలుపుతారు. రోడ్డు పక్క అమ్మే ఉడికించిన వేరుశనక్కాయలు కూడా ఒక్కోసారి పంది ఎముక వేసిన నీళ్లలో ఉడుకుతాయి. హాపిన్ జాన్ చూసి పప్పన్నం అనుకుని అత్తయ్యగారికి పెట్టేస్తారేమో, అందులోనూ ఉంటుంది.

గుడ్డు సంగతి ఇంకా చిక్కు. మాక్ అండ్ చీజ్, అంటే చీజ్ వేసిన పాస్తా, శాకాహారమే కదా అనుకుంటాం. దక్షిణాదిలో దాన్ని గుడ్డు కొట్టి కలిపి ఓవెన్‌లో పెట్టడం మామూలు. కార్న్‌బ్రెడ్‌లో గుడ్డు ఉంటుంది, హష్‌పపీలు అనే మొక్కజొన్న పిండి బోండాల్లో కూడా. పచ్చి టమాటా ముక్కల వేపుడుకు పిండి అంటడానికి గుడ్డు సొనలో ముంచుతారు. పైగా ఆ వేపుడు నూనెలో అంతకుముందు చేపో పంది ముక్కో వేగి ఉంటుంది.

అందుకే వెయిటర్‌ని "ఇది వెజిటేరియనా?" అని ఒక్కమాట అడిగితే చాలదు. పైన ముక్కలు లేవు కాబట్టి వాళ్లు అవునంటారు, మోసం చేయాలని కాదు. ఒక్కొక్కటిగా అడగండి: బేకన్, హ్యామ్ హాక్ (పంది కాలి ఎముక), లార్డ్ (పంది కొవ్వు), చికెన్ స్టాక్ (కోడి ఎముకల రసం), గుడ్డు. ఇక్కడి సర్వర్లు ఓపిక మనుషులు, లోపలికి వెళ్లి వంటవాళ్లను కనుక్కొని వచ్చి చెబుతారు. గ్రిట్స్ అనే తెల్ల మొక్కజొన్న రవ్వ జావ నీళ్లలోనో పాలలోనో ఉడికించినదైతే వెన్న, మిరియాలు వేయించి అత్తయ్యగారికి పెట్టవచ్చు. వేడివేడిగా ఉంటుంది, కడుపు నిండుతుంది. కొన్ని హోటళ్లు అందులోనూ చికెన్ స్టాక్ పోస్తాయి కాబట్టి అడిగే పెట్టండి. చిలగడదుంప, కాల్చిన కూరగాయలు, సలాడ్ ఎలాగూ ఉంటాయి.

నిజం చెప్పాలంటే, బర్తాస్ లాంటి చోట ఆవిడ తినగలిగేది దాదాపు ఏమీ ఉండదు. శుక్రవారం కారులో పులిహోర, పెరుగన్నం పెట్టుకుని రండి, దార్లో కొలంబియా దగ్గర ఆగినప్పుడు ఆవిడ భోజనం అయిపోతుంది. వంటగది ఉన్న గది తీసుకోండి. మౌంట్ ప్లెజెంట్, వెస్ట్ యాష్లీ వైపు స్టవ్, ఫ్రిజ్ ఉన్న హోటల్ గదులు పాత ఊరి కంటే చవకగా దొరుకుతాయి. చిన్న రైస్ కుక్కర్ డిక్కీలో పడేస్తే ఆ రెండు రోజులూ ఆవిడ గురించి బెంగ ఉండదు, మీరూ ప్రశాంతంగా తింటారు.

ఆవిడను కూడా హోటల్‌లో కూర్చోబెట్టి వేడిగా తినిపించాలనుంటే పాత ఊళ్లో రెండు చోట్లు చెబుతాను. మీటింగ్ స్ట్రీట్ మీద మామ్ సాబ్ అని పాకిస్తానీ హోటల్ ఉంది. భార్యాభర్తలు నడుపుతారు, జేమ్స్ బియర్డ్ వాళ్ల దృష్టికీ వెళ్లింది. పప్పు, శనగలు, కూరలు, రొట్టెలు ఉంటాయి. మసాలా ఏమిటో, నెయ్యి ఏమిటో తెలిసిన వంటవాళ్లతో మాట్లాడటమే పెద్ద నిశ్చింత. శుక్రవారం రాత్రి అందరికీ అదే పెట్టుకోండి, ప్రయాణం చేసి వచ్చిన రాత్రి పెద్దవాళ్లకు తెలిసిన రుచి ఉంటే బావుంటుంది. రెండోది వెంట్‌వర్త్ స్ట్రీట్‌లోని బేసిక్ కిచెన్. కూరగాయలే ప్రధానంగా వండుతారు, ఏది తీసేయమన్నా తీసేస్తారు. మధ్యాహ్నానికి బావుంటుంది.

శనివారం ఉదయం మారియన్ స్క్వేర్‌లో రైతు బజారు ఉంటుంది. ఏప్రిల్ నుంచి నవంబరు చివరి దాకా ప్రతి శనివారం నడుస్తుంది కాబట్టి మీకు కుదురుతుంది. అక్కడే టిఫిన్ చేసేయవచ్చు, అప్పటికప్పుడు వేసి ఇచ్చే స్టాళ్లు చాలా ఉంటాయి. చుట్టుపక్కల దీవుల్లో పండిన కూరగాయలు, చిలగడదుంపలు కొని సాయంత్రం గదిలో అత్తయ్యగారికి వేపుడు చేయవచ్చు. పిల్లలకు బిస్కెట్ల కోసం అయితే అక్కడి నుంచి కింగ్ స్ట్రీట్ ఎక్కి కాలీస్ హాట్ లిటిల్ బిస్కెట్‌కి నడవండి. మనం టీలో ముంచుకునే బిస్కెట్టు కాదిది, పొరలు పొరలుగా విడిపోయే మెత్తటి ఉప్పు బన్ను. పిల్లలు వేడివి రెండు తినకుండా కదలరు.

మధ్యాహ్నం రొయ్యలు, గ్రిట్స్. ఈ ఊరికి వచ్చి ఇది తినకుండా వెళ్లకూడదు. ఒకప్పుడు ఇది జాలర్ల ఇళ్లలో పొద్దుటి పూట తినేది. ఏట్లో వలకు పడ్డ చిన్న రొయ్యలను వెన్నలో కాస్త వేయించి రవ్వ జావ మీద వేసుకునేవారు, అంతే. హోటళ్లలోకి రావడానికి చాలాకాలం పట్టింది. నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో బిల్ నీల్ అనే వంటవాడు బేకన్, పుట్టగొడుగులు వేసి చేసిన తీరును 1985లో న్యూయార్క్ టైమ్స్ రాశాక దేశమంతా పాకింది. అప్పటి నుంచి హోటల్ పళ్లెంలో పందిమాంసం తప్పనిసరి అయిపోయింది. ఈస్ట్ బే స్ట్రీట్‌లోని స్లైట్లీ నార్త్ ఆఫ్ బ్రాడ్ ఈ వంటకు పేరుపడిన చోటు. అక్కడ కూడా సాసేజ్, హ్యామ్ వేసే చేస్తారు. రొయ్యలు మాత్రం వెన్న, టమాటాతో విడిగా చేసి ఇవ్వమని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. ఇది ఎప్పటికప్పుడు పెనం మీద చేసేది కాబట్టి కుదురుతుంది, ముందే కాచి పెట్టిన గ్రేవీ పోసే చోట కుదరదు. మీరు వచ్చే నెల తెల్ల రొయ్యకు మంచి అదను. వేసవి చివరి నుంచి శీతాకాలం మొదలయ్యేదాకా అది ఇక్కడి ఏళ్లలో, తీరంలో దొరుకుతుంది, తియ్యగా ఉంటుంది. మెనూలో లోకల్ ష్రింప్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఎక్కడో చెరువులో పెంచి గడ్డకట్టించిన రొయ్య అయ్యే అవకాశం ఎక్కువ. గోదావరి జిల్లాల చెరువుల నుంచి వచ్చిందే అయినా ఆశ్చర్యం లేదు, అమెరికాకు రొయ్యలు ఎక్కువగా పంపే దేశాల్లో మనదీ ఒకటి. దానికోసం అయితే ఇంత దూరం రానక్కర్లేదు.

మావయ్యగారు పీత తింటే షీ-క్రాబ్ సూప్ ఒక కప్పు చెప్పించండి. ఆడ పీత మాంసం, లోపలి నారింజ రంగు గుడ్లు, మీగడ, పైన కొంచెం షెర్రీ అనే ద్రాక్ష మద్యం. ఒకప్పుడు నగర మేయర్ ఇంట్లో వంట చూసుకున్న విలియమ్ డీస్ అనే నల్లజాతి వంటవాడు, అధ్యక్షుడు టాఫ్ట్ విందుకు వచ్చినప్పుడు సూప్‌లో పీత గుడ్లు చేర్చాడని ఊళ్లో చెబుతారు. క్వీన్ స్ట్రీట్‌లోని 82 క్వీన్ ఈ సూప్‌కు పాత చిరునామా. చాలా చిక్కగా ఉంటుంది, ఇద్దరికి ఒక కప్పు సరిపోతుంది. షెర్రీ వద్దంటే ముందే చెప్పాలి.

శనివారం సాయంత్రం ఫాలీ బీచ్ దారిలో ఉన్న బోవెన్స్ ఐలండ్‌కి వెళ్లండి. 1946 నుంచి ఉంది, 2006లో దీనికీ అమెరికాస్ క్లాసిక్స్ పురస్కారం వచ్చింది. అదే ఏడాది మంటల్లో కాలిపోతే మళ్లీ కట్టారు. ఇక్కడ తినాల్సింది ఆయిస్టర్లు. మన భాషలో చెప్పాలంటే ఆల్చిప్పలు. ఇక్కడి ఏళ్లలో అవి ఒక్కొక్కటిగా కాకుండా గుత్తులుగా పెరుగుతాయి. ఆ గుత్తులను ఇనప రేకు మీద వేసి, పైన తడి గోనెసంచి కప్పి, ఆవిరికి నోరు విచ్చుకున్నాక పారతో తెచ్చి టేబుల్ మీద పోస్తారు. చేతికి గుడ్డ చుట్టుకుని చిన్న కత్తితో మీరే తీసుకు తినాలి. చలికాలం పంట ఇది, అక్టోబరు నుంచి మే దాకా కోస్తారు, మీరు మొదట్లోనే వస్తున్నారు. పచ్చివి అలవాటు లేని మనవాళ్లకు ఈ కాల్చిన పద్ధతే నయం. వేయించిన రొయ్యలు, చేప కూడా ఉంటాయి. ఫ్రాగ్‌మోర్ స్ట్యూ అని రొయ్యలు, మొక్కజొన్న పొత్తులు, బంగాళాదుంపలు కలిపి ఉడికించేది చూసి మనసు పడతారు, కానీ అందులో సాసేజ్ పడుతుంది. అత్తయ్యగారికి ఇక్కడ భోజనం లేదు, గదిలో తినిపించి తీసుకురండి, చిత్తడి మీద సూర్యాస్తమయం ఆవిడకూ చూడదగ్గది. తెరిచే వేళకే చేరితే లైను తక్కువ.

ఆ దారిలోనే జేమ్స్ ఐలండ్ మీద మెక్‌లాడ్ ప్లాంటేషన్ ఉంది. బానిసలు నివసించిన చెక్క ఇళ్లు అలాగే ఉన్నాయి, వాళ్ల జీవితం వైపు నుంచి కథ చెబుతారు. మధ్యాహ్నం అటు వెళ్లి, అక్కడి నుంచి బోవెన్స్ ఐలండ్‌కి వెళ్తే దారి కలిసొస్తుంది.

పేరున్న పెద్ద హోటళ్లలో ఒకటైనా చూడాలంటే, ఆరుగురికి శనివారం రాత్రి టేబుల్ దొరకడం కష్టం. నెల ముందే బుక్ చేసుకోవాలి. ఫిగ్ 2003 నుంచి ఈ ఊరి వంట స్థాయిని పెంచిన చోటు, ఇద్దరు చెఫ్‌లకు అక్కడి నుంచే జేమ్స్ బియర్డ్ పురస్కారాలు వచ్చాయి. కానీ రాత్రి భోజనం మాత్రమే, పిల్లలతో కంటే మీరిద్దరూ మరోసారి వచ్చినప్పుడు బావుంటుంది. క్వీన్ స్ట్రీట్‌లో పాత ఇంట్లో ఉన్న హస్క్ 2010లో దక్షిణాది పంటలే వాడతామన్న పట్టుదలతో మొదలైంది, పగటి పూట వెళ్తే కుటుంబానికి అనువుగా ఉంటుంది. 2025లో హోటళ్లకు స్టార్లు ఇచ్చే మిషెలిన్ వాళ్లు మొదటిసారి అమెరికా దక్షిణాదికి గైడ్ వేసి వెర్న్స్, వైల్డ్ కామన్, మలగాన్ అనే మూడింటికి ఒక్కో స్టార్ ఇచ్చారు. అప్పటి నుంచి వాటిలో చోటు దొరకడం ఇంకా కష్టమైంది. మీ ట్రిప్‌కు అవి వదిలేయండి.

బార్బెక్యూ గురించి కూడా అడిగారు. రోడ్నీ స్కాట్ హెమింగ్వే అనే పల్లెలో తండ్రి దగ్గర చిన్నప్పుడే నేర్చుకుని, పందిని ముక్కలు చేయకుండా మొత్తంగా రాత్రంతా నిప్పుల మీద కాల్చే పాత పద్ధతిని 2017లో కింగ్ స్ట్రీట్ ఎగువకు తెచ్చారు. మరుసటి ఏడాదే జేమ్స్ బియర్డ్ వచ్చింది. మీ ఇంట్లో పందిమాంసం తినేది పిల్లలే అయితే అక్కడ కోడి, చేప కూడా ఉన్నాయి. లూయిస్ బార్బెక్యూ టెక్సస్ తరహా, అంటే గొడ్డుమాంసం. మీకు అవసరం లేదు.

సిటీ మార్కెట్‌కి వెళ్లకుండా ఉండరు. 1841 నాటి హాలు, దాని వెనక బారుగా షెడ్లు. అక్కడ తిండి కోసం కాక గల్లా ఆడవాళ్లు అల్లే స్వీట్‌గ్రాస్ బుట్టల కోసం వెళ్లండి. వడ్లు తూర్పారబట్టడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన అల్లిక అది. ధర ఎక్కువ అనిపిస్తుంది, ఒక్కో బుట్టకు రోజులు, వారాలు పడుతుంది, బేరం ఆడకండి. బెన్నె వేఫర్లు అని నువ్వులతో చేసిన పల్చటి తీపి బిస్కెట్లు అమ్ముతారు, విజయవాడకు పట్టుకెళ్లడానికి బావుంటాయి. గుడ్డు ఉంటుంది, ప్యాకెట్ చూసుకుని కొనండి. తీపి ఇష్టమైతే పెనిన్సులా గ్రిల్ కొబ్బరి కేకు ఒక ముక్క, అత్తయ్యగారు తప్ప, మిగతా అయిదుగురికీ సరిపోతుంది. పన్నెండు పొరల కేకు.

ఆదివారం పొద్దున్నే ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం చూడండి. గాడ్స్‌డెన్ రేవు, అంటే బానిస ఓడలు ఆగిన చోటనే 2023లో తెరిచారు. టికెట్ ముందే తీసుకోండి. తర్వాత మధ్యాహ్నానికి ఊరి బయట మిడిల్టన్ ప్లేస్‌కి వెళ్తే పాత వరి తోట, బియ్యం మర పక్కన చెరువు, పూలతోటలు చూస్తూ అక్కడి రెస్టారెంట్‌లోనే లోకంట్రీ భోజనం చేయవచ్చు. దక్షిణాది వంటకు గౌరవం తెచ్చిన ఎడ్నా లూయిస్ 1980లలో అక్కడ వంట చూశారు. అటు నుంచి అటే ఐ-26 ఎక్కి ఇంటికి బయల్దేరవచ్చు.

వెళ్లేముందు కారొలీనా గోల్డ్ బియ్యం ఒక సంచి కొనుక్కోండి. పొట్టు బంగారు రంగులో ఉండే పాత రకం. అంతర్యుద్ధం తర్వాత చాకిరీ చేసేవాళ్లు లేక, పైన తుపానులు కొట్టి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ వరి సాగు ఆగిపోయింది. 1980లలో రిచర్డ్ షుల్జ్ అనే కంటి డాక్టరు విత్తనాలు సంపాదించి మళ్లీ వేశారు, 1998లో గ్లెన్ రాబర్ట్స్ కొలంబియాలో మొదలుపెట్టిన యాన్సన్ మిల్స్ దాన్ని దేశమంతా అందించింది. సోనా మసూరి ధరతో పోల్చకండి, చాలా ఎక్కువ. కుక్కర్ విజిల్స్ పెడితే మెత్తబడిపోతుంది. ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చండి, వార్చాక వెడల్పు పళ్లెంలో ఆరబెట్టి సన్నటి సెగ మీద కాసేపు ఉంచితే గింజ గింజగా విడిపోతుంది. అత్తయ్యగారు చేస్తే మీరు చేసిన దానికంటే బాగా వస్తుంది, వార్చడం ఆవిడకు తెలిసిన పనే.

పార్కింగ్ గురించి ఒక్కమాట. పాత ఊళ్లో రోడ్డు మీద చోటు వెతుకుతూ తిరగకండి. క్వీన్ స్ట్రీట్, కంబర్లాండ్ స్ట్రీట్ గ్యారేజీల్లో పెట్టేసి డ్యాష్ అనే ఉచిత బస్సు ఎక్కండి. అక్టోబరు చివర్లో సముద్రం పోటు ఎక్కువగా ఉండే రోజులు పడితే మార్కెట్ దగ్గర వీధుల్లోకి నీళ్లు వస్తాయి. ఆ వేళలు ముందురోజే చూసుకుని, మీ బుకింగ్‌లు వాటికి అటో ఇటో పెట్టుకోండి.